సౌత్ లొనాక్ సరస్సు, దాని చుట్టూ ఉన్న కొండల మ్యాపింగ్: తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాద్‌లో కూర్చుని కంప్యూటర్ మీద మ్యాపులు చేసేవాణ్ణి. 2023 అక్టోబరులో సిక్కింలో సౌత్ లొనాక్ సరస్సు కట్ట తెగి తీస్తా నదికి వరద వచ్చాక ఇంజనీరింగ్ పిల్లలు, ట్రెక్కింగ్ చేసే స్నేహితులు, చివరికి పెళ్లిళ్లలో కలిసిన చుట్టాలు కూడా ఆ సరస్సు గురించి అడగడం మొదలుపెట్టారు. ప్రతిసారీ ఒకటే చెప్పలేక ఇక్కడ రాసి పెట్టాను. కొన్ని జవాబులు పొడుగ్గా ఉంటాయి. కొన్నిటికి అంత అవసరం లేదు.

ఈ సరస్సు ఎక్కడుంది? ఎలా పుట్టింది?

సిక్కిం ఉత్తర కొసన, చైనా సరిహద్దుకు దగ్గర్లో, సముద్ర మట్టానికి సుమారు 5,200 మీటర్ల ఎత్తులో ఉంది. సౌత్ లొనాక్ హిమానీనదం కరిగి వెనక్కి తగ్గుతూ పోయింది. అది ఖాళీ చేసిన గుంతలో నీళ్లు చేరాయి. మంచు తన వెంట ఈడ్చుకొచ్చి కుప్ప పోసిన రాళ్లు, మట్టి, ఇసుక ముందువైపు కట్టలా నిలిచాయి. ఈ కుప్పనే మొరైన్ అంటారు. మన చెరువు కట్టకైతే మట్టి తెచ్చి, తడిపి, తొక్కించి గట్టి చేస్తారు. ఈ కట్టను ఎవరూ కట్టలేదు, తూము లేదు, రాతి అలుగు లేదు. పైగా కట్ట లోపల కొన్నిచోట్ల మట్టిని పట్టి ఉంచేది గడ్డకట్టిన మంచే.

1960ల ఉపగ్రహ ఫొటోల్లో ఇక్కడ చెప్పుకోదగ్గ సరస్సు లేదు. 1962 నుంచి 2008 వరకు హిమానీనదం సుమారు 1.9 కిలోమీటర్లు వెనక్కి వెళ్లిందని హైదరాబాద్‌లోని ఎన్‌ఆర్‌ఎస్‌సీ (ఇస్రో వాళ్ల జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం) శాస్త్రవేత్తలు 2013లోనే ప్రచురించారు. అది పగిలే అవకాశం ఎక్కువని కూడా అప్పుడే రాశారు.

మన చెరువులతో పోలిస్తే ఎంత పెద్దది?

విస్తీర్ణంలో పెద్దదేం కాదు. 2023 సెప్టెంబరు 28న 167.4 హెక్టార్లు, అంటే 410 ఎకరాల పైచిలుకు. ఆ మాత్రం చెరువులు మన జిల్లాల్లో చాలానే ఉన్నాయి.

అయితే ఆ పోలిక మనల్ని తప్పుదారి పట్టిస్తుంది, ఎందుకంటే అసలు సంగతి లోతులో ఉంది. వరదకు కొన్నేళ్ల ముందు సోనార్‌తో కొలిచినప్పుడు అత్యధిక లోతు 131 మీటర్లు, నీటి పరిమాణం దాదాపు 6.58 కోట్ల ఘనపు మీటర్లు తేలింది. మనకు అలవాటైన లెక్కలో 2.3 టీఎంసీలు. హిమాయత్ సాగర్ పూర్తిగా నిండితే 2.97 టీఎంసీలు. అంటే హిమాయత్ సాగర్ నీళ్లలో మూడొంతులకు పైగా తీసుకెళ్లి, 410 ఎకరాల గుంతలో, ఐదు కిలోమీటర్ల ఎత్తున, వదులు మట్టికట్ట వెనక నిలబెట్టినట్టు.

ఆ రాత్రి ఏం జరిగింది?

2023 అక్టోబరు 3 రాత్రి పది గంటల ప్రాంతంలో ఉత్తరం పక్కనున్న మొరైన్ గట్టు ఒక్కసారిగా జారి సరస్సులో పడింది. పడిన మట్టి 1.47 కోట్ల ఘనపు మీటర్లని ఆ తర్వాత జరిగిన అధ్యయనంలో లెక్క కట్టారు. నీళ్లు 20 మీటర్ల ఎత్తు అలగా లేచి ముందు కట్ట మీదుగా పొర్లాయి, కట్టకు గండి పడింది. సుమారు 5 కోట్ల ఘనపు మీటర్ల నీళ్లు కిందికి పోయాయి. అరవై కిలోమీటర్లకు పైగా దిగువనున్న చుంగ్‌థాంగ్ దగ్గర 1,200 మెగావాట్ల తీస్తా-3 ప్రాజెక్టు డ్యామ్ కొట్టుకుపోయింది. పదుల మంది చనిపోయారు, ఇంకా పదుల మంది ఆచూకీ దొరకలేదు.

మర్నాడు ఉదయం 6 గంటలకు ఉపగ్రహం తీసిన చిత్రంలో సరస్సు 60.3 హెక్టార్లే ఉంది. ఆరు రోజుల తేడాతో తీసిన ఆ రెండు చిత్రాలను పక్కపక్కన పెట్టి ఇస్రో విడుదల చేసింది. టీవీల్లో తిరిగిన బొమ్మ అదే.

సర్వే ఆఫ్ ఇండియా టోపోషీట్లలో ఇది ఏ షీట్‌లో వస్తుంది?

టోపోషీట్ అంటే కొండలు, నదులు, ఎత్తులు చూపే సర్వే మ్యాప్. పాత నంబర్ల ప్రకారం ఇది 78ఎ/1. ఈ నంబర్లు ఎలా వచ్చాయో ఒకసారి తెలిస్తే మళ్లీ మర్చిపోరు. దేశాన్ని 4 డిగ్రీల పొడవు, 4 డిగ్రీల వెడల్పు గళ్లుగా కోసి ఒక్కో గడికి నంబరు ఇచ్చారు. ఒక్కో గడిని 16 ముక్కలు చేసి ఇంగ్లిష్ అక్షరాలు పెట్టారు. ఒక్కో అక్షరాన్ని మళ్లీ 16 ముక్కలు చేసి 1 నుంచి 16 వరకు అంకెలు వేశారు. లెక్క వాయవ్య మూల నుంచి మొదలై నిట్టనిలువుగా కిందికి దిగుతుంది. ఆ చిట్టచివరి ముక్కే మనం వాడే 1:50,000 షీట్. ఇదే లెక్కలో మన చార్మినార్ 56కె/7లో పడుతుంది. కాగితం మీద వేసి చూడండి, సరదాగా ఉంటుంది.

2005 జాతీయ మ్యాప్ విధానం తర్వాత ప్రజలకిచ్చే షీట్లు వేరు, రక్షణ శాఖ వాడే షీట్లు వేరు అయ్యాయి. ప్రజలకిచ్చేవాటికి నంబర్లు కూడా మారాయి. సరిహద్దు ప్రాంతాల షీట్లు మన ఊరి షీట్ దించుకున్నంత సులువుగా దొరకవు. అందుకే లొనాక్ మీద పనిచేసే చాలామంది టోపోషీట్ పక్కన పెట్టి ఉపగ్రహ డేటాతో మొదలుపెడతారు.

టోపోషీట్‌లో కాంటూర్లు ఉన్నాయి కదా, మళ్లీ కొలవడం ఎందుకు?

కాంటూర్ అంటే ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీత. మళ్లీ కొలవడానికి రెండు కారణాలు. మొదటిది, 1:50,000 షీట్లలో ఎత్తైన కొండల దగ్గర రెండు కాంటూర్ల మధ్య తేడా మామూలుగా 40 మీటర్లు. సరస్సు ప్రమాదకరమా కాదా అని తేల్చే కొలత అంతకంటే చాలా చిన్నది. కట్ట పైఅంచుకూ నీటి మట్టానికీ మధ్య ఎత్తు ఎంత, కట్ట వెడల్పు ఎంత, నీళ్లు బయటికి పోయే దారి ఎంత లోతుకు కోసుకుపోయింది... ఇవన్నీ మీటర్లలో, ఒక్కోసారి అరమీటర్లలో ఉంటాయి. ఆ రాత్రి లేచిన 20 మీటర్ల అల కూడా రెండు కాంటూర్ల మధ్య ఇమిడిపోతుంది. చెరువు కట్ట ఎత్తు కొలవడానికి పక్క ఊరి మైలురాళ్లు లెక్కపెట్టినట్టు ఉంటుంది వ్యవహారం.

రెండోది, అక్కడ నేల నిలకడగా లేదు. మన దగ్గర 1970ల షీట్‌లో ఉన్న గుట్ట క్వారీ వాళ్లు తినేయకపోతే ఈరోజుకీ అక్కడే ఉంటుంది. లొనాక్‌లో పాత షీట్ మీద మంచు గీసిన చోట ఇవాళ నీళ్లున్నాయి. అన్నట్టు, సర్వే ఆఫ్ ఇండియా షీట్లలో నేల మీది కాంటూర్లు గోధుమ రంగులో, మంచు మీదివి నీలం రంగులో ఉంటాయి. ఆ నీలం గీతల్ని చూసి ఇంత మంచు ఉంది కదా అనుకోకండి. ఏ సంవత్సరం సర్వే అని షీట్ అంచున రాసి ఉంటుంది, ముందు అది చదవండి.

ఉచితంగా దొరికే డీఈఎం దించుకుని కాంటూర్లు గీస్తే సరిపోదా?

స్టూడెంట్లు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే. ఎక్కువగా పప్పులో కాలేసేదీ ఇక్కడే.

డీఈఎం అంటే ఒక్కో గడికి ఒక్కో ఎత్తు రాసిన పట్టిక. ఎస్‌ఆర్‌టీఎం డేటా అందరికీ తెలిసిందే. 2000 ఫిబ్రవరిలో ఎండీవర్ వ్యోమనౌక 11 రోజులు తిరిగి రాడార్‌తో కొలిచిన ఎత్తులు అవి. దాన్ని దించుకుని సౌత్ లొనాక్ మీద కాంటూర్లు గీయండి. సరస్సు పడమటి భాగంలో నీళ్ల మీద గీతలు ఏటవాలుగా ఎక్కుతూ కనిపిస్తాయి! సాఫ్ట్‌వేర్ తప్పేం కాదు. 2000లో అక్కడ హిమానీనదం నాలుక ఉండేది, రాడార్ కొలిచింది దాన్ని. ఆ తర్వాత మంచు పోయి నీళ్లొచ్చాయి. 2000 నాటి ఎత్తుల మీద 2023 సరస్సు గట్టు గీసి, దాని మీద వరద లెక్కలు వేసి, రిపోర్టు బైండింగ్ చేయించినవాళ్లను నేను చూశాను.

మనది కార్టోశాట్-1 ఉపగ్రహం ఉంది. 2005 మే 5న శ్రీహరికోట నుంచి వెళ్లింది. ఒక కెమెరా ముందుకు 26 డిగ్రీలు, ఇంకోటి వెనక్కి 5 డిగ్రీలు వంగి, ఒకే చోటిని రెండు కోణాల నుంచి తీసేవి. మన రెండు కళ్లు దూరం పసిగట్టినట్టే, ఆ రెండు చిత్రాల తేడా నుంచి ఎత్తు లెక్క కడతారు. దాని నుంచి తయారైన కార్టోడెమ్ అనే డీఈఎం ఇస్రో వాళ్ల భువన్ పోర్టల్‌లో 30 మీటర్ల గడితో దొరుకుతుంది. యూరప్ వాళ్ల కోపర్నికస్ 30 మీటర్ల డీఈఎం ఇంకా కొత్తది, నున్నగా ఉంటుంది. నన్నడిగితే లోయ మొత్తం రూపురేఖలకు దాన్నే వాడమంటాను.

కానీ ఏది తీసుకున్నా నిటారైన వాలుల మీద ఎత్తులో పొరపాటు చాలా మీటర్లు ఉంటుంది. లోయను చూడటానికి బాగుంటాయి, కట్టను కొలవడానికి పనికిరావు. కనీసం మీ మ్యాప్ మీద డీఈఎం ఏ సంవత్సరానిది, సరస్సు గట్టు ఏ తేదీది అని విడివిడిగా రాయండి. నా దగ్గరికి వచ్చే మ్యాపుల్లో పదికి తొమ్మిదింటి మీద మ్యాప్ గీసిన తేదీ ఒక్కటే ఉంటుంది. అది ఎవరికి కావాలి?

నీళ్లు ఎక్కడున్నాయో ఉపగ్రహానికి ఎలా తెలుస్తుంది?

నీళ్లు ఆకుపచ్చ కాంతిని కాస్త తిప్పి పంపుతాయి, కంటికి కనిపించని సమీప పరారుణ కాంతిని దాదాపు మింగేస్తాయి. ఆ రెంటి తేడాను రెంటి మొత్తంతో భాగిస్తే వచ్చే అంకె నీళ్ల దగ్గర ఎక్కువగా ఉంటుంది. సూత్రం ఇంతే. చిక్కంతా కొండ నీడతో వస్తుంది. నీడ కూడా నీళ్లలాగే నల్లగా ఉండటంతో ఈ లెక్క నీడను సరస్సు అనేస్తుంది. వాలు ఎక్కువున్న చోట నీళ్లు నిలవవు కాబట్టి డీఈఎం పక్కన పెట్టుకుని అలాంటివి తీసేస్తారు, మిగిలినవి మనిషే కళ్లతో చూసి సరిచేయాలి. ఇంకా నీళ్లలో కలిసిన రాతి పిండి వల్ల రంగు మారుతుంది, చలికాలంలో పైపొర గడ్డకడుతుంది.

వర్షాకాలం నెలలన్నీ మబ్బులే. అప్పుడు రాడార్ ఉపగ్రహాలే దిక్కు: యూరప్ వాళ్ల సెంటినెల్-1, 2022 ఫిబ్రవరి 14న శ్రీహరికోట నుంచి ఎగిరిన మన రిశాట్-1ఎ. రాడార్‌కు మబ్బు అడ్డు కాదు, చీకటి అడ్డు కాదు. నిశ్చలంగా ఉన్న నీళ్లు రాడార్ కిరణాన్ని అద్దంలా పక్కకు తోసేయడంతో సరస్సు నల్లగా కనిపిస్తుంది. రాడార్ పక్క నుంచి చూస్తుంది కాబట్టి ఎత్తైన కొండ తన వెనకున్నదాన్ని కప్పేయడం మాత్రం ఉంది. అందుకే ఉపగ్రహం ఉత్తరానికి పోయేటప్పుడు ఒకటి, దక్షిణానికి వచ్చేటప్పుడు ఒకటి, రెండు చిత్రాలూ చూడాలి.

వేర్వేరు తేదీల రాడార్ చిత్రాలతో నేల కదలికను కూడా పట్టొచ్చు. ఆ రాత్రి జారిపడిన గట్టు అంతకుముందు కొన్నేళ్లుగా మీటర్ల లెక్కన కదులుతూ వచ్చిందని పాత చిత్రాలను మళ్లీ తిరగేసినప్పుడు బయటపడింది. 2025 జులై 30న శ్రీహరికోట నుంచే వెళ్లిన నాసా-ఇస్రో రాడార్ ఉపగ్రహం నిసార్ ఇలాంటి కదలికల కోసమే.

మరి లోతు ఎలా కొలుస్తారు? అది కూడా ఉపగ్రహంతోనేనా?

కాదు. పాలు కలిపినట్టుండే ఆ నీళ్లలో వెలుతురు కొద్ది మీటర్లు కూడా దిగదు, 131 మీటర్ల అడుగు పైనుంచి కనిపించే మాటే లేదు. విస్తీర్ణం నుంచి పరిమాణం అంచనా కట్టే సూత్రాలున్నాయి. అవి ఎక్కడెక్కడి సరస్సులో కలిపి తీసిన సగటులు. ఒక్క సరస్సుకు పెడితే బాగా తప్పొచ్చు. ఒకే విస్తీర్ణం ఉన్న రెండు బావుల్లో ఒకటి మూడు గజాలు, ఒకటి ముప్పై గజాలు ఉండొచ్చు కదా.

కాబట్టి ఎవరో ఒకరు గాలి పడవను మోసుకుని అంత పైకి ఎక్కాలి. పడవ కింద ఎకో సౌండర్, పైన జీపీఎస్. సౌండర్ టిక్కుమని శబ్దం పంపుతుంది, అది అడుగును తాకి తిరిగొచ్చే సమయాన్ని బట్టి లోతు. పొలం దున్నినట్టు ఈ గట్టు నుంచి ఆ గట్టుకు చాళ్లుగా పోతూ కొలుస్తారు, తర్వాత అడ్డంగా కొన్ని చాళ్లు వేసి కలిసిన చోట లోతులు సరిపోతున్నాయా అని చూస్తారు. సరిపోకపోతే ఆ రోజు పని మళ్లీ మొదటికే. ఇప్పుడు మనిషి ఎక్కనక్కర్లేని రిమోట్ పడవలు వచ్చాయి. మంచు గోడ విరిగి నీళ్లలో పడే చోట అదే మేలు.

ఒక చిన్న సంగతి చాలామంది వదిలేస్తారు. శబ్దం వేగం నీళ్ల చల్లదనాన్ని బట్టి మారుతుంది. చాలా సౌండర్లు సముద్రం కోసం సెకనుకు 1,500 మీటర్లని పెట్టుకుని వస్తాయి. గడ్డకట్టేందుకు సిద్ధంగా ఉన్న మంచినీళ్లలో వేగం సుమారు 1,410. సెట్టింగు మార్చకుండా కొలిస్తే 131 మీటర్ల చోట 139 అని చూపిస్తుంది. సరస్సంతటా అలాగే ఆరేడు శాతం ఎక్కువ. దిగువ ఊళ్లకు ఎన్ని నిమిషాల్లో ఎంత నీళ్లు వస్తాయో చెప్పే లెక్కంతా ఈ అంకె మీదే నడుస్తుంది.

మధ్యలో లోతు బాగానే తేలుతుంది. అన్నిటికంటే కావాల్సిన రెండు చోట్లు మాత్రం కష్టం: హిమానీనదం ముఖం దగ్గర ప్రమాదం కాబట్టి పడవ పోదు, మొరైన్ పక్కన లోతు చాలక పోదు. ఆ ఖాళీలను లెక్కతో పూడుస్తారు.

జీపీఎస్ చూపే ఎత్తు, మ్యాప్‌లోని ఎత్తు ఎందుకు కలవవు?

జీపీఎస్ ఎత్తును నున్నటి గుడ్డు ఆకారంలో ఊహించుకున్న ఒక భూమి మీద నుంచి కొలుస్తుంది. మ్యాప్ సముద్ర మట్టం నుంచి చెబుతుంది. భూమి లోపల బరువు అన్నిచోట్లా ఒకేలా లేక ఆ రెండూ కలవవు. హైదరాబాద్‌లో తేడా సుమారు 75 మీటర్లు, జీపీఎస్ అంకె తక్కువ చూపిస్తుంది. హిమాలయాల్లో తేడా వేరే, పైగా కొద్ది దూరంలోనే మారుతుంది.

ఇది నాకు అనుభవమే. కొత్తలో ఒక ఊరి చెరువు పనికి రెండు రకాల ఎత్తులు కలిపేసి మ్యాప్ ఇచ్చాను. కట్ట కంటే అలుగు 75 మీటర్లు కింద! ఫోన్ వచ్చింది. అవతలాయన కోప్పడలేదు, "మా చెరువుకి లిఫ్టు పెట్టాలా సార్?" అన్నాడు. ఆ మాట ఇప్పటికీ గుర్తుంది. మైదానంలో అంత పెద్ద తప్పు వెంటనే కనబడుతుంది. ఐదు వేల మీటర్ల కొండల్లో ముప్పై, నలభై మీటర్ల తప్పు కంటికి ఆనదు.

డ్రోన్ ఎగరేస్తే అయిపోదా?

కట్టకు, గట్లకు డ్రోన్ సర్వేనే సరైన పద్ధతి. నేల మీద గుర్తులు పెట్టి, వాటిని మంచి జీపీఎస్‌తో కొలిచి, పైనుంచి ఒకదాని మీద ఒకటి పడేలా ఫొటోలు తీస్తే సెంటీమీటర్ల స్థాయిలో నేల రూపం వస్తుంది. రెండేళ్ల తేడాతో రెండుసార్లు చేస్తే గట్టు ఎక్కడ కుంగిందో, ఎక్కడ జరిగిందో ఎర్రగా కనిపిస్తుంది.

అక్కడ గాలి ఒత్తిడి మన దగ్గరున్నదాంట్లో సగం కంటే కొద్దిగా ఎక్కువ. రెక్కలకు పట్టు దొరకదు, మోటారు ఎక్కువ తిరగాలి, చలికి బ్యాటరీ త్వరగా పడిపోతుంది. ఎత్తుకు తగ్గ రెక్కలు వేసుకోవాలి, బ్యాటరీలను రాత్రి స్లీపింగ్ బ్యాగులో పక్కన పెట్టుకుని పడుకోవాలి. మధ్యాహ్నం నుంచి లోయలో గాలి లేస్తుంది కాబట్టి ఎగరేయడానికి తెల్లవారు జాము తర్వాత కొద్ది గంటలే. సరిహద్దు పక్కన కాబట్టి ప్రభుత్వ అనుమతి లేకుండా డ్రోన్ పెట్టె తెరవకపోవడమే మంచిది.

మేమూ వెళ్లి చూడొచ్చా?

గురుదోంగ్‌మార్ సరస్సుకు పర్మిట్‌తో టూరిస్టులు వెళతారు. లొనాక్ లోయ అలా కాదు, మామూలు టూరిస్టు పర్మిట్ చాలదు. సర్వే బృందాలు సైన్యం, ఐటీబీపీ (సరిహద్దు పోలీసులు) సాయంతో లాచెన్, థాంగు, ముగుథాంగ్ మీదుగా పోతాయి. ఒళ్లు ఎత్తుకు అలవాటు పడటానికి దారిలో ఆగాలి. ఆగకుండా ఎక్కితే తలనొప్పి, వాంతులతో మొదలై ఊపిరితిత్తుల్లో నీరు చేరే దాకా పోతుంది. అక్కడ పని చేయగలిగేది ఏడాదిలో కొన్ని వారాలే.

ఈ పరికరాలేవీ లేనప్పుడు మ్యాపులు ఎలా చేశారు?

కొలిచిన ఒక్క గీత, దాని నుంచి కోణాలు. 1802లో విలియం లాంబ్టన్ మద్రాసు దగ్గర గొలుసులతో ఒక ఆధార రేఖ కొలిచి మొదలుపెట్టిన త్రికోణాల సర్వే మన ప్రాంతం మీదుగానే ఉత్తరానికి సాగింది. జార్జ్ ఎవరెస్ట్ కృష్ణా గోదావరుల మధ్య అడవుల్లో పనిచేస్తూ జ్వరం పట్టి, కోలుకోవడానికి ఆఫ్రికా కొసకు వెళ్లాల్సి వచ్చింది. ఆయన పేరు మోస్తున్న శిఖరం కంటే ముందు ఆయన్ని పడగొట్టినవి మన దోమలే. అదే గొలుసు చివరికి హిమాలయాల దాకా చేరి, 1856లో ఆ శిఖరం ఎత్తు 29,002 అడుగులని ప్రకటించారు.

త్రికోణాలు శిఖరాలను పట్టుకోగలవు, శిఖరాల వెనక లోయలను కాదు. ఆ పని నడిచినవాళ్లది. నైన్ సింగ్ రావత్ లాంటి పండిట్లు (సర్వే వాళ్లు రహస్యంగా పంపిన కొండప్రాంతం మనుషులు) అడుగులు లెక్కపెట్టుకుంటూ, జపమాలలో వంద పూసలు పెట్టుకుని వంద అడుగులకో పూస జరుపుతూ టిబెట్ కొలిచారు. ఎత్తు కోసం నీళ్లు మరిగించి థర్మామీటరు చూసేవారు, ఎత్తు పెరిగేకొద్దీ నీళ్లు తక్కువ వేడికే మరుగుతాయి కాబట్టి. సిక్కిం వైపు రిన్‌జిన్ నామ్‌గ్యాల్ 1880లలో కాంచన్‌జంగా చుట్టూ తిరిగాడు. 1899లో డగ్లస్ ఫ్రెష్‌ఫీల్డ్ బృందం చేసిన ప్రదక్షిణలో కూడా ఆయన ఉన్నాడు. ఆ యాత్ర నుంచి ప్రొఫెసర్ గార్‌వుడ్ ఆ పర్వతం చుట్టూ హిమానీనదాల మ్యాప్ తయారుచేశాడు.

ఇలాంటి సరస్సులు ఎన్ని ఉన్నాయి?

సింధు, గంగ, బ్రహ్మపుత్ర పరీవాహకాల్లో పావు హెక్టారు కంటే పెద్దవి 28,043 అని ఎన్‌ఆర్‌ఎస్‌సీ అట్లాస్ లెక్క. వాటిలో 18,001 బ్రహ్మపుత్ర వైపే. పొరుగు దేశాల భూభాగంలో ఉండి నీళ్లు ఇటు పారేవి కూడా ఇందులో కలిశాయి. పది హెక్టార్లకు పైబడిన 2,431 సరస్సుల్లో 676 సరస్సులు 1984 నుంచి బాగా పెరిగాయని, వాటిలో 130 మన దేశంలో ఉన్నాయని ఇస్రో 2024 ఏప్రిల్‌లో చెప్పింది. హిమాచల్‌లోని ఘేపాంగ్ గాథ్ సరస్సు 1989లో 36.49 హెక్టార్లు, 2022లో 101.30.

లోతు కొలిచినవి మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

ముందే తెలిసినా ఎందుకు ఆపలేకపోయారు?

తెలియదని ఎవరూ అనలేరు. 2013లో హెచ్చరిక ప్రచురితమైంది. 2016లో లద్దాఖ్ ఇంజనీరు సోనమ్ వాంగ్‌చుక్ సాయంతో ప్లాస్టిక్ పైపులు వేసి సైఫన్ పద్ధతిలో నీళ్లు తోడారు. 2023 సెప్టెంబరులో కెమెరా, వాతావరణ కేంద్రం పెట్టారు. అవి కొద్ది రోజులకే సమాచారం పంపడం మానేశాయి, తర్వాత కొన్ని రోజులకే వరద.

నా అభిప్రాయం చెబుతాను, మీరు ఒప్పుకోనక్కర్లేదు. అందరి చూపూ ముందు కట్ట మీద, నీటి విస్తీర్ణం మీద ఉంది, ఎందుకంటే ఉపగ్రహంలో తేలిగ్గా కొలవగలిగేది అదే. తెగింది ముందు కట్టే, దాన్ని తెంపింది మాత్రం పక్క గట్టు. ఏటా "సరస్సు ఇన్ని హెక్టార్లు పెరిగింది" అని మ్యాప్ వేయడం సులువు. గట్ల మీద కదలికను ఏటా మ్యాప్ చేయడానికి డబ్బు, మనుషులు, ఓపిక కావాలి. కేంద్రం 2024లో సిక్కిం, అరుణాచల్, హిమాచల్, ఉత్తరాఖండ్‌లకు కలిపి 150 కోట్ల రూపాయల కార్యక్రమం ఆమోదించింది. అందులో ఎంత భాగం గట్లకు పోతుందో చూడాలి.

పేర్లు ఒక్కో మ్యాప్‌లో ఒక్కోలా ఉంటాయెందుకు?

అక్కడి మాటల్ని ఇంగ్లిష్‌లో ఒకరు ఒకలా రాశారు, మనం దాన్ని చూసి తెలుగులో ఇంకోలా రాస్తున్నాం. లొనాక్, ల్హోనాక్ రెండూ ఒకటే. కొన్ని మాటలు తెలిస్తే మ్యాప్ తెరుచుకుంటుంది: ఛో అంటే సరస్సు, ఛూ అంటే నది, లా అంటే కనుమ. సరస్సు నుంచి బయటికొచ్చేది గోమా ఛూ, అక్కడికి తూర్పున ఇంకో ప్రమాదకరమైన సరస్సు షాకో ఛో. ఛో, ఛూ కలిపేస్తే నది కాస్తా సరస్సయిపోతుంది, జాగ్రత్త.

నేను సొంతంగా మ్యాప్ చేసి ప్రచురించొచ్చా?

2021 ఫిబ్రవరి మార్గదర్శకాల తర్వాత భారతీయులు మ్యాపింగ్ డేటా తయారుచేయడానికి ముందస్తు అనుమతులు చాలావరకు పోయాయి. సున్నితమైన ప్రాంతాలకు, వివరాలకు షరతులు ఉన్నాయి. దేశ సరిహద్దు గీతను మాత్రం సర్వే ఆఫ్ ఇండియా గీసినట్టే పెట్టండి. విదేశీ సైట్ల నుంచి దించుకున్న లేయర్‌లో సరిహద్దు వేరేలా ఉంటుంది. తప్పుడు సరిహద్దుతో ప్రచురిస్తే 1961 చట్టం కింద ఆరు నెలల దాకా జైలు శిక్ష పడొచ్చు.

ఈ పని నేర్చుకోవాలంటే ఎక్కడికి వెళ్లాలి?

దూరం పోనక్కర్లేదు. సర్వే ఆఫ్ ఇండియా సొంత శిక్షణ సంస్థ ఉప్పల్‌లో ఉంది. బాలానగర్‌లో ఎన్‌ఆర్‌ఎస్‌సీ, ఉపగ్రహాల డేటా దిగేది షాద్‌నగర్‌లో. జేఎన్‌టీయూలో జియోఇన్ఫర్మాటిక్స్ ఎంటెక్ ఉంది. ఇంట్లో కూర్చుని మొదలుపెట్టాలంటే క్యూజీఐఎస్ అనే మ్యాపింగ్ సాఫ్ట్‌వేర్ ఉచితం. మొదటి ప్రాజెక్టుగా లొనాక్ పెట్టుకోవద్దు, మీ ఊరి చెరువు పెట్టుకోండి. గీసిన ఎఫ్‌టీఎల్ గీత (చెరువు నిండితే నీళ్లు చేరే హద్దు) మీద నిలబడి తప్పో ఒప్పో చూసుకోవచ్చు. తప్పయితే శిఖం భూమి రైతులే చెబుతారు.

ఆన్‌లైన్ మ్యాప్‌లో చూస్తే సరస్సు ఇంకా నిండుగా ఉంది. వరద అబద్ధమా?

వాట్సాప్‌లో ఇది కూడా వచ్చింది! మీరు చూస్తున్న చిత్రం వరదకు ముందుది కావచ్చు. గూగుల్ ఎర్త్‌లో చిత్రం తేదీ తెర అంచున చిన్న అక్షరాల్లో ఉంటుంది. కంప్యూటర్‌లో పాత చిత్రాల గడియారం గుర్తు నొక్కి 2023 అక్టోబరుకు అటూ ఇటూ జరిపి చూడండి. ఒకే తెర మీద ఎడమ సగం ఒక ఏడాదిది, కుడి సగం ఇంకో ఏడాదిది కూడా ఉండొచ్చు. మధ్యలో రంగు మారిన గీత కనిపిస్తే అదే అతుకు. అది సరస్సు మధ్యలో నుంచి పోతుంటే ఆ తెర మీద కొలత తీసుకోకండి.